చిటికెనవేలికి తెలియని దారం

మా ఇంట్లో ఆ జబ్బు పేరు పైకి అనడానికి ఏడాది పైనే పట్టింది. కుష్ఠు. మా పెద్దవాళ్ళు పెద్దరోగం అనేవారు, అదీ గొంతు తగ్గించి. మా ఆయన సత్యనారాయణగారు నరాల జబ్బు అనేవారు. నేను 'ఇది' అనేదాన్ని. ఇప్పుడు మాత్రలు అయిపోయాయి, తగ్గిందని డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చింది కాబట్టి పేరు పెట్టి రాస్తున్నాను. రాస్తే నా మనసు కాస్త కుదుటపడుతుందని ఒక స్వార్థం. నాలాగా దారం పట్టుకుని బతికేవాళ్ళు ఎవరైనా చదివి ఒకసారి తమ చెయ్యి తాము చూసుకుంటారని ఒక ఆశ.

మేముండేది తాడేపల్లిగూడెంలో. ఆయన రైసు మిల్లులో గుమస్తా. నేను పుట్టింది నరసాపురం వైపు. అక్కడ ఆడపిల్లకి అక్షరాలతోపాటే లేసు అల్లడమూ వస్తుంది. కొన వంకీ తిరిగిన సన్నటి సూది కుడిచేతిలో, దారం ఎడమచేతిలో. దారం జారిపోకుండా ఎడమ చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టుకుంటాం. నేర్చుకునే రోజుల్లో ఆ దారం వేలిని కోసేస్తుంది. నేను ఏడిస్తే మా మేనత్త, "వేలు మొద్దుబారనివ్వవే, అప్పుడుగానీ చెయ్యి తిరిగినట్టు కాదు" అనేది. అలా నలభై ఏళ్ళు అల్లాను. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక కూడా ఆ వైపు నుంచి దారం తెప్పించుకుని, అల్లి పంపించేదాన్ని.

అందుకే చిటికెనవేలికీ దాని పక్కవేలికీ స్పర్శ తెలియడం మానేసినప్పుడు నేను భయపడలేదు. భయపడకపోవడం సరే, లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. మా మేనత్త వేలు కూడా అలాగే ఉండేదేమో, పనితనం అంటే ఇదేనేమో అనుకున్నాను. ఇంత తెలివితక్కువ గర్వం లోకంలో ఇంకెవరికైనా ఉంటుందా అని తరవాత నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను.

నిరుడు మే నెలలో ఒక టేబుల్ క్లాత్‌కి అంచు అల్లుతున్నాను. తెల్లదారం మీద ఎర్రచుక్క కనిపించింది. దోమ అనుకున్నాను. ఇంకో పది కుట్లు వేసేసరికి మరో చుక్క. అప్పుడు వేలు చూసుకుంటే దారం చర్మంలోకి దిగిపోయి ఉంది. ఎంతసేపటి నుంచి కోస్తోందో నాకు తెలియనే తెలియదు. వెంటనే లేసుని ఉప్పునీళ్ళలో నానబెట్టాను. పని పాడయిందే అన్న బాధే తప్ప వేలి గురించి ఆలోచనే రాలేదు.

జూన్‌లో ఒక పొద్దున అన్నం వారుస్తుంటే ఏదో మాడుతున్న వాసన వచ్చింది. స్టవ్ వైపు చూశాను, పాలగిన్నె చూశాను. మాడుతున్నది నేను. ఎడమచెయ్యి గిన్నెకి ఆనుకుని ఉంది.

ఆ వారంలోనే ఆశా వర్కరు కుమారి మా వీధిలో ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. ఒంటి మీద మచ్చలున్నాయా అని అందరినీ అడిగి రాసుకుంటోంది.

"మచ్చలేం లేవమ్మా, మంచినీళ్ళు తాగి వెళ్ళు" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అని గ్లాసు అందుకుంటూ నా చెయ్యి చూసింది. "ఇంత బొబ్బెక్కితే నవ్వుతా మాట్లాడుతున్నారేంటండీ? నొప్పి లేదాండీ?"

"లేదు. లేసు చేతులు కదా, మొద్దుబారాయి."

గ్లాసు పక్కన పెట్టేసింది. నా మోచెయ్యి తిప్పి చూసింది. అక్కడ అరచేయంత మేర రంగు వెలిసినట్టుండే మచ్చ ఒకటి ఉంది. దాన్ని నేను ఎండకి వచ్చిందనుకున్నాను. "కళ్ళు మూసుకోండమ్మా. పెన్నుతో ముట్టుకుంటాను, తెలిసినప్పుడల్లా చెప్పండి" అంది.

కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎంతకీ ముట్టుకోదు. "ఏమ్మా, ఇంకా ఎంతసేపు? పొయ్యి మీద పప్పు ఉంది" అన్నాను.

"ముట్టుకుంటానే ఉన్నానండి" అంది కుమారి.

కళ్ళు తెరిచాను. పెన్ను నా మచ్చ మధ్యలోనే ఉంది. ఆ క్షణం నుంచి భయం ఎలా ఉంటుందో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

జులై మొదట్లో ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్ళాం. పాసింజరులో ఆయన కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టారు. ఆసుపత్రిలో చర్మం డాక్టరు గది ముందు రెండు బల్లలు, వాటికి నాలుగింతల మనుషులు. మామూలు దురదలకి వచ్చినవాళ్ళు ఒకవైపు చేరారు. మాలాంటివాళ్ళం ఇంకోవైపు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. నేను కొంగు చేతి మీదికి లాక్కుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. నల్లజర్ల నుంచి వచ్చిన ఒక పెద్దాయన, రైతు, లేచి నాకు చోటిచ్చాడు.

"మీరు కూర్చోండి బాబాయిగారూ, కాళ్ళకి కట్లున్నాయి కదా" అన్నాను.

"నా కాళ్ళకి నిలబడినా కూర్చున్నా ఒకటేనమ్మా, తెలవదు" అని నవ్వాడాయన. "ముల్లు దిగి నాలుగు రోజులు నాతోనే తిరిగింది. అందుకని ఇప్పుడు రోజూ సాయంత్రం పాదాలు చూసుకుంటున్నాను. నువ్వూ చేతులు చూసుకో తల్లీ. నొప్పి చెప్పదు మనకి, కళ్ళతోనే చూసుకోవాల."

ఏడాదిలో నాకు ఎంతోమంది ఎన్నో సలహాలు ఇచ్చారు. పనికొచ్చిన సలహా మాత్రం ఇదొక్కటే. ఆయన పేరు కూడా అడగలేదు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మోచేతి దగ్గర నరం తడిమి, "గట్టిపడిపోయిందమ్మా, ముందే రావలసింది" అంది. పన్నెండు నెలలు మాత్రలు, ఒక్కరోజు కూడా మానకూడదంది. తగ్గుతుందంది. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేనంది. మొదటి మాత్రలు అక్కడే తన ఎదురుగా మింగించింది.

ఆయన అంతసేపూ చేతులు కట్టుకుని నిలబడి, చివర్లో ఒక్కటే అడిగారు. "మా అమ్మాయికి మూడో నెలండి. తొలి కాన్పు. పురిటికి ఇంటికి తీసుకురావాలి కదండీ..."

"నిక్షేపంగా తీసుకురండి. మాత్రలు మొదలుపెట్టిన కొద్దిరోజులకే ఇంకొకరికి అంటదు. పాపాయిని ఈవిడే ఎత్తుకోవచ్చు, నీళ్ళు పోయొచ్చు" అంది డాక్టరమ్మ. ఈ మాట నేను విన్నాను. ఆయనా విన్నారు. అక్షరం పొల్లుపోకుండా విన్నారు.

మా శ్రావణి ఒక్కతే కూతురు. మండవల్లి ఇచ్చాం. వాళ్ళకి చేపల చెరువులు. పెళ్ళయిన ఆరేళ్ళకి నెల తప్పింది. నాకప్పుడు జబ్బు కన్నా పెద్ద ఆలోచన ఏదన్నా ఉందంటే అదే. నా కూతురు నా ఇంట్లో నీళ్ళాడాలి. దాని బిడ్డ మొదటి నెలలు నా ఒళ్ళో గడవాలి.

తిరిగొచ్చేటప్పుడు భీమడోలు దాటాక ఆయన, "పద్మా, ఎవరికీ చెప్పొద్దు. నరాల జబ్బు అందాం" అన్నారు.

"శ్రావణికో?"

"దానికి నేను చెప్తాలే. నువ్వు ఫోనులో ఏడిస్తే అది బెంగపెట్టుకుంటుంది."

సరే అన్నాను. కాపురంలో నేను అలవాటుగా అనేసిన 'సరే'లన్నిటిలోకీ అది నాకు ఎక్కువ నష్టం చేసింది.

ఆగస్టు, సెప్టెంబరుల్లో మాత్రలకి ఒళ్ళు నల్లబడిపోయింది. "ఏంటండీ పద్మగారూ, ఇలా అయిపోయారు?" అని ఎదురింటావిడ అడిగితే "ఎండండీ" అన్నాను. బయట వాన దంచుతోంది. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. లేసు పని ఇచ్చేవాళ్ళకి కళ్ళు ఆనడం లేదని చెప్పి దారం తిప్పి పంపించేశాను.

ఆయన గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. నా కంచం వేరు పెట్టలేదు. నా చేతి వంట మానలేదు. రోజూ సాయంత్రం మిల్లు నుంచి రాగానే కళ్ళజోడు పెట్టుకుని, వాకిట్లో వెలుతురుకి నా చెయ్యి తిప్పి తిప్పి, ఎక్కడన్నా గీసుకుందా, కాలిందా అని చూసేవారు. నల్లజర్ల పెద్దాయన నాకు చెప్పిన పని ఆయన నెత్తిన వేసుకున్నారు. ఇంత మంచిమనిషిని అనుమానించాలని ఎవరికి మాత్రం తోస్తుంది?

దసరాల ముందు ఆయన మండవల్లి వెళ్ళొచ్చి, చొక్కా విప్పుతూ, నా వైపు చూడకుండా, "చెప్పాను. వాళ్ళు కాస్త సందేహిస్తున్నారు. అమ్మాయీ భయపడుతోంది. మనం బలవంతం చెయ్యొద్దు. పురుడు అక్కడే పోసుకోనీ" అన్నారు.

వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. కూతురి మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది. కడుపులో బిడ్డ ఉన్నదానికి భయం ఉండదా, నేనైనా అంతే కదా అని దాని తరఫున నేనే వాదించుకున్నాను.

అక్టోబరులో జబ్బు తిరగబడింది. మాత్రలు పనిచేస్తుంటే ఒక్కోసారి ఒళ్ళు అలా ఎదురు తిరుగుతుందట. జ్వరం, మోచేతి నుంచి వేళ్ళదాకా కరెంటు కొట్టినట్టు నొప్పి. స్పర్శ లేని చేతికి నొప్పి ఎలా ఉంటుందో నాకు అర్థమయ్యేది కాదు, కానీ ఉంది. పది రోజులు ఏలూరు ఆసుపత్రిలో ఉన్నాను. వెనక్కి వచ్చేసరికి ఆ రెండు వేళ్ళూ లోపలికి ముడుచుకుపోయాయి. శ్రావణి రాలేదు. సాయంత్రాలు ఫోను చేసేది.

"బాగున్నావా అమ్మా?"

"బాగున్నానమ్మా. నువ్వూ?"

"బాగున్నాను. ఉంటానమ్మా మరి."

అది నాకు భయపడి ముక్తసరిగా మాట్లాడుతోందని నేననుకున్నాను. అది ఏమనుకుందో చివర్లో తెలిసింది.

నవంబరులో చేతికి కసరత్తులు నేర్పే ఫిజియో అమ్మాయి, "లేసు దారం ఇక జన్మలో ముట్టుకోవద్దండి. వేలు తెగిపోయినా మీకు తెలీదు" అంది. నా మొహం చూసి జాలిపడ్డట్టుంది. "మరీ ఉండలేకపోతే ఊలు పట్టుకోండి. మెత్తగా ఉంటుంది. చిటికెనవేలికి మాత్రం చుట్టొద్దు" అంది.

మా గూడెంలో చలి పట్టుమని నెలరోజులు ఉండదు. అయినా నా ఇనప్పెట్టెలో ఊలు ఎంతుందో చెబితే నవ్వుతారు. స్వెట్టరుకి కొన్నది సగం మిగిలేది, అది అయిపోకుండానే ఇంకో రంగు నచ్చేది. పెట్టె దించమంటే ఆయన దించి, కలరా ఉండలు ఏరి పారేశారు. ఆకుపచ్చ శ్రావణి ఒకటో తరగతి స్వెట్టరుది. గోధుమరంగు ఆయన మంకీ క్యాపుది, ఆ టోపీ పెట్టుకుంటే దొంగలా ఉన్నారని నేనంటే ఒక్కరోజుతో మానేశారు. గులాబీరంగు ఎందుకు కొన్నానో గుర్తే లేదు. ఒక్కొక్కటీ చిన్నచిన్న ఉండలు, దేనితోనూ ఒక పూర్తి వస్తువు కాదు.

బాలింతకి చెవుల్లోకి గాలి పోకూడదు. తలకి గుడ్డ చుట్టాలి. పురుడు పొయ్యలేకపోతున్నాను, కనీసం చెవులకి చుట్టుకునే స్కార్ఫు అల్లుదామనుకున్నాను. మా మేనత్త నేర్పిన చేప పొలుసు డిజైను, పొలుసుకీ పొలుసుకీ మధ్య సన్నటి కన్నాలు, అచ్చం లేసులా ఉండాలి. ఎవరైనా ఊలుతో లేసు అల్లుతారా అంటే, ఇంకేం చెయ్యాలి? నాకు వచ్చింది లేసే.

అల్లడం మొదలుపెట్టాక తెలిసింది, నాకు అల్లిక రాదని. వేళ్ళకే వచ్చు. వేళ్ళు మర్చిపోతే నా దగ్గర ఇంకేమీ లేదు. ఊలుని నడిమివేలికి చుట్టుకుని చూస్తే వదులయిపోయేది, బొటనవేలితో నొక్కిపెడితే సాగేది కాదు. ఒకప్పుడు సీరియల్ చూస్తూ, తల వంచకుండా మూర అల్లినదాన్ని. ఇప్పుడు ప్రతి కుట్టునీ కళ్ళతో చూసి, సూది ఎందులోకి దూరిందో చూసి, నోటితో లెక్కపెట్టి, అప్పుడు లాగాలి. మొదటి వరస ఐదుసార్లు విప్పాను. ఒకరోజు విసుగొచ్చి సూది గోడకేసి కొట్టాను. ఆయన వెళ్ళి తీసుకొచ్చి నా పక్కన పెట్టి, పేపరు చదువుకున్నారు.

రోజుకి రెండు వరసలు. ఆకుపచ్చ అయిపోతే గోధుమరంగు, అది అయిపోతే ఇంకేదో. ముడులు వెనక్కి కనపడకుండా దాచడానికి ఒక పూట పట్టేది. వంకర వేళ్ళు ఊలుకి తగులుకుని అడ్డం వచ్చేవి, వాటిని కుడిచేత్తో పక్కకి నెట్టుకునేదాన్ని. డిసెంబరు ఆఖరుకి పెట్టె ఖాళీ అయింది. చివరి అంచుకి గులాబీరంగు సరిపోక రెండు పొలుసులు తెల్లవి పడ్డాయి. నా చేతిలోంచి వచ్చినవాటిలో అంత అధ్వాన్నమైన పని లేదు. ఉతికి, నీడలో ఆరబెట్టి, మడతపెట్టాను.

జనవరిలో శ్రావణికి ఆడపిల్ల పుట్టింది. నాకు ఇంకా జ్వరం వచ్చిపోతూ ఉంది. నేనూ వస్తానంటే ఆయన, "ఈ చలిలో ప్రయాణమా, పైగా వాళ్ళు ఏమనుకుంటారో" అన్నారు. స్కార్ఫు సంచిలో పెట్టి ఇచ్చాను. సాయంత్రానికి తిరిగొచ్చారు.

"ఇచ్చారా?"

"ఇచ్చాను. బాగుందంది."

"కట్టుకుందా?"

"ఆఁ. కట్టుకుంది."

తరవాత వీడియో కాల్‌లో వెతికాను. శ్రావణి తలకి పాత తువ్వాలు ఉంది. ఇంకో రోజు చూశాను, అదే తువ్వాలు. బారసాలకి ఆయన ఒక్కరే వెళ్ళొచ్చారు. ఫొటోల్లోనూ స్కార్ఫు లేదు. నా చేత్తో ముట్టుకున్నది కదా, పక్కన పెట్టేసి ఉంటారు అనుకున్నాను. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. నెలకొకసారి ఆయన మండవల్లి వెళ్ళి మనవరాలిని ఎత్తుకుని వచ్చేవారు. చొక్కాకి పాల వాసన వేసేది. ఆ చొక్కా నేనే ఉతికేదాన్ని.

ఈ ఏడాది జులైలో ఆఖరి మాత్ర మింగాను. డాక్టరమ్మ చీటీ రాసిచ్చి, "అయిపోయిందమ్మా. ఆ రెండు వేళ్ళూ ఇక ఇంతే, మిగతా మూడూ కాపాడుకోండి" అంది. ఇంటికి రాగానే ఆయన మిల్లుకి వెళ్ళారు. నేను మొదటిసారి నా అంతట నేను శ్రావణికి ఫోను చేశాను.

"అమ్మలూ, మాత్రలు అయిపోయాయి. ఇక ఏ భయమూ లేదట. మీ అత్తగారికి కూడా చెప్పు. ఒక్కసారి పాపని తీసుకురావే."

"దేనికమ్మా భయం?" అంది.

"అదే... నా జబ్బుకి."

"నరాల నీరసానికి భయమెందుకు? నువ్వే కదా రావద్దన్నావు. పురుడు పొయ్యడం నీ వల్ల కాదన్నావట, ఆసుపత్రికీ రావద్దన్నావట. పిల్లని చూడ్డానికైనా రాలేదు. మా అత్తగారి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. నీకు నా మీద కోపమేమో అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ."

గడప మీద కూర్చున్నాను. "స్కార్ఫు అందిందా నీకు?" అని అడిగాను.

"ఏ స్కార్ఫు?"

అప్పుడు జబ్బు పేరు చెప్పాను. అటు నుంచి పాప ఏదో కూస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఇక ఇంతే, ఇప్పుడు నిజంగానే కూతురు దూరమైపోయింది అనుకున్నాను. చివరికి, "ఎల్లుండి వస్తున్నాం" అని పెట్టేసింది.

ఆయన వచ్చి కళ్ళజోడు తీసుకుని చెయ్యి చూడబోతే వెనక్కి లాక్కున్నాను. "శ్రావణితో మాట్లాడాను" అన్నాను. అరుగు మీద కూలబడ్డారు. బుకాయించలేదు.

"నాకేమైనా పర్వాలేదనుకున్నాను పద్మా. పసిదాని దగ్గర ధైర్యం చాల్లేదు. డాక్టరు చెప్పింది తెలుసు. అయినా..."

"స్కార్ఫు ఏం చేశారు?"

"కైకలూరులో బస్సు మారేటప్పుడు బెంచీ మీద పెట్టేసి వచ్చాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఎవరికైనా పనికొస్తుందిలే అని."

"మన బాలింతకి పనికిరానిది పరాయి బాలింతకి పనికొస్తుందా అండీ?" అన్నాను.

జబ్బు తెలిసిన రోజున కూడా నాకు ఇంత ఒంటరిగా అనిపించలేదు.

మూడోరోజు శ్రావణి వచ్చింది, దాని అత్తగారూ వచ్చారు. ఆవిడ గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుని, "వదినగారూ, మా చెరువుల దగ్గర కాపలా ఉండే అతనికీ ఇదే వచ్చి తగ్గిందండి. ఇప్పటికీ మా ఇంట్లోనే అన్నం తింటాడు. ఒక్క మాట అనుంటే పోయేది కదండీ" అన్నారు. శ్రావణి లోపలికి వచ్చి, నన్ను చాప మీద కూర్చోమని, పాపని నా ఒళ్ళో పెట్టింది.

ఏడో నెల పిల్ల. బరువుగా, వెచ్చగా ఉంది. నా నల్లటి మొహం కేసి ఒక క్షణం చూసింది. పెదవి విరిచింది. ఒక్కసారిగా గుక్కపట్టి ఏడుపు అందుకుంది. దానికి నేనెవరో తెలీదు. ఒళ్ళు విరుచుకుని, గోడవారగా నిలబడ్డ ఆయన వైపు రెండు చేతులూ చాపింది. నెలనెలా ఎత్తుకున్న తాతగారు కదా, గుర్తుపట్టింది.

ఆయన గబగబా రెండడుగులు ముందుకొచ్చి చేతులు చాచారు. "ఇటివ్వు పద్మా, కొత్త చేసి ఏడుస్తోంది. గుక్క తిప్పుకోలేకపోతోంది."

"ఏడవనివ్వండి" అన్నాను.

శ్రావణి నా వైపు చూసి, ఆయన వైపు చూసి, కదలకుండా కూర్చుంది. పాప నా భుజాన్ని తన్నింది, నా జుట్టు పీకింది, మళ్ళీ మళ్ళీ ఆయన వైపు వంగింది. మంచి చెయ్యి దాని వీపు కింద వేసి గట్టిగా పట్టుకున్నాను. చాలాసేపటికి వెక్కిళ్ళలోకి దిగి, అలిసిపోయి, నా ఒళ్ళోనే నిద్రపోయింది. ఆయన ఇంకా చేతులు చాచుకునే నిలబడి ఉన్నారు.